ఒకే నంబరు మైకులు

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజుల్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో మైకు లేని టెంటు లేదు. వకీళ్లకో టెంటు, టీచర్లకో టెంటు, ఆటోవాళ్లకో టెంటు. కోరుట్లలో నాకొక మైకుసెట్టు దుకాణం ఉండేది. గొప్పలు చెప్పుకోవడం కాదు కానీ, సిరిసిల్లలో సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య కూడా మాట స్పష్టంగా వినపడేలా పెట్టగలిగేది ఇద్దరమే. ఒకడిని నేను, రెండోవాడు నా దుకాణానికి ఎదురుగా ఉండే భాయ్. అతనే నాకు పోటీ, అతనే నాకు దోస్తు.

మా మైకుసెట్టు వాళ్లలో ఒక అలవాటుంది. ఒకరి సామాను చెడిపోతే ఇంకొకరిది అడిగి తెచ్చుకుంటాం. స్టాండు, వైరు, పిన్ను, ఏదైనా సరే. కార్డ్‌లెస్ మైకులు కొందామని ఇద్దరం హైదరాబాద్ పోయినప్పుడు కూడా మా బుర్రల్లో ఇదే ఉంది. దుకాణంవాడు పాపం ఓపికగా చెప్పాడు. ప్రతి మైకూ ఒక ఫ్రీక్వెన్సీ మీద మాటను గాలిలోకి పంపుతుందట. రిసీవరు డబ్బా ఆ నంబరు మీద వచ్చిన మాటనే పట్టుకుంటుందట. ఒకే ఊళ్లో వాడేవాళ్లు వేరు వేరు నంబర్లు తీసుకోవాలట. మేం వింటేగా.

"ఇద్దరికి ఒక్కటే నంబరు ఇయ్యి. నా మైకు ఖరాబైతే భాయ్ మైకు నా డబ్బకు పనిజెయ్యాలె" అన్నాను.

అతను మా ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి, ఒకే నంబరువి కట్టి ఇచ్చాడు. తెలివంటే మాదేనని బస్సులో కోరుట్ల దాకా మురిసిపోతూ వచ్చాం. ఆ తర్వాత చాలా రోజులు ఏమీ కాలేదు. అతను రాయికల్‌లో మైకు పెడితే నేను సిరిసిల్లలో పెట్టేవాణ్ని.

ఎండాకాలంలో ఒకరోజు కోరుట్లలో బీడీ కార్మికులు వంటావార్పు పెట్టుకున్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తిని బండ్లు ఆపడం అన్నమాట. నా భార్య కూడా బీడీలు చేస్తుంది. సంఘం వాళ్లు ఆమెను మాట్లాడమన్నారు. నలుగురిలో మాట్లాడడం ఆమెకు అదే మొదలు. వారం రోజులు ఆకు కత్తిరిస్తూ తనలో తానే గొణుక్కుంది. ఆ పొద్దున ఇంట్లోంచి బయలుదేరేముందు గడపలో ఆగింది.

"నవ్వులపాలైతె మల్ల నేను గా సంఘం దిక్కు పోను. ఎవ్వల ముంగట నోరు తెరువ" అంది.

మైకు నాదేనని, రందిపడొద్దని భరోసా ఇచ్చాను.

రోడ్డు మీద కరెంటు లేదు. పక్కనే ఫంక్షన్ హాల్లో పెళ్లి జరుగుతోంది, జనరేటరు నడుస్తోంది. హాలువాళ్లను బతిమాలి, వాళ్ల గోడకు ఆనించి నా ఆంప్లిఫయరూ రిసీవరూ పెట్టుకున్నాను. నా భార్య నిలబడే చోటు అక్కడికి చాలా దూరం. అయితేనేం, కార్డ్‌లెస్ కదా అనుకున్నాను. లోపల పెళ్లికి మైకు ఎవరు పెట్టారో కనుక్కోవాలని తోచనే లేదు. పైగా, పాతకాలపు సామానని వైరు మైకును ఇంట్లోనే వదిలేసి వచ్చాను.

నా భార్య లేచి కొంగు సర్దుకుని, "అక్కలకు, చెల్లెండ్లకు" అంది. హారన్లలోంచి మగగొంతు వచ్చింది.

"పెండ్లిపిల్ల మేనమామ ఏడున్నడు? జల్ది రావాలె."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా భార్య మైకును తిప్పి చూసి, మళ్లీ నోటి దగ్గర పెట్టుకుంది. ఆమె "మా బతుకులు" అనగానే హారన్లు మేళం గట్టిగా కొట్టమన్నాయి. అన్నం కలుపుతున్న ఆమె గంటె వదిలేసి కడుపు పట్టుకుంది. ఒక ముసలామె అక్షింతలు ఎక్కడున్నాయని అడిగింది. ఇక రోడ్డంతా ఒకటే నవ్వులు.

రిసీవరుకు మొహమాటం ఉండదు. ఒకే నంబరు మీద ఇద్దరు మాట్లాడితే, తనకు దగ్గరున్నవాళ్ల మాటే గట్టిగా పట్టుకుంటుంది. పెళ్లి చేయిస్తున్న పంతులు మైకు పట్టుకుని గోడకు అవతలే ఉన్నాడు, నా భార్య అల్లంత దూరాన ఉంది. ఆమె నవ్వేవాళ్లను చూడలేదు. నన్నే చూసింది, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. పంతులు మీద, హాలు మీద, హైదరాబాద్ దుకాణంవాడి మీద, నా మీద తప్ప అందరి మీదా కోపం వచ్చింది.

హాల్లోకి పరుగెత్తాను. స్టేజీ పక్కన భాయ్ తల గోక్కుంటూ కూర్చున్నాడు.

"అన్నా, నా బాక్సులల్ల ఎవరో ఆడామె గొంతు గరగరమంటున్నది" అన్నాడు.

"గామె మీ వదిన" అన్నాను.

అతనికి నంబరు సంగతి వెంటనే గుర్తొచ్చింది, నాలుక కరుచుకున్నాడు. పంతులు మైకును ఒక్క పది నిమిషాలు ఆపమని బతిమాలాను. పెళ్లికూతురి తండ్రి, పెళ్లి ఆపుతారా అని నా మీదికి వచ్చాడు. ఆదుకున్నది పంతులే. తాళి కట్టడం అయిపోయింది, ఇక తలంబ్రాలు. అప్పుడు ఎలాగూ ఫొటోగ్రాఫరు చెప్పిందే వేదం. తెలంగాణ కోసం తానూ పది నిమిషాలు నోరు మూసుకుంటానని, పంతులు తన మైకు తానే ఆపేశాడు.

పంతులు మైకు ఆగింది కానీ భాయ్ రిసీవరు ఆగలేదు. ఇప్పుడు ఆ నంబరు మీద ఉన్నది ఒక్క గొంతే. పెళ్లి బాక్సుల్లోంచి నా భార్య మాట గణగణా వచ్చింది.

"పొద్దుగాల లేసి ఆకు నానవెడ్తం. పొద్దూకేదాక చేస్తం. మా వేళ్లకు రికాం లేదు, మా నోటికి పనిలేదు. మా ఇంటాయిన ఊరందరికి మైకు ఇస్తడు. నేనేమన్న చెప్పవోతె మాత్రం, నీకు సమజ్ గాదు ఊకో అంటడు. గిన్నేండ్లు ఊకున్న. ఇగ ఊకోను."

హాలంతా నవ్వింది. దోసిట్లో తలంబ్రాలు పట్టుకుని పెళ్లికూతురు కూడా నవ్వింది. సౌండు తగ్గిద్దామని నా చెయ్యి భాయ్ ఆంప్లిఫయరు మీదికి పోయింది. పెళ్లికూతురి తల్లి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆమె వేళ్ల మీద, బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి కాసిన కాయలు నాకు తగిలాయి.

"తగ్గియ్యకు. ఇననియ్యి" అంది.

విన్నాను. వేళ్ల నొప్పుల గురించి చెప్పింది, మా పిల్లల కొలువుల గురించి చెప్పింది, తెలంగాణ ఎందుకు కావాలో చెప్పింది. ఎక్కడా తడబడలేదు. ఇవన్నీ మా ఇంట్లో ఎన్నోసార్లు మొదలుపెట్టిన మాటలే, నేను పూర్తి కానివ్వని మాటలు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. చివర ఆమె జై తెలంగాణ అంటే, రోడ్డుతో పాటు పెళ్లివాళ్లు కూడా జై అన్నారు.

బయటికి వచ్చేసరికి ఆడవాళ్లు ఆమె చుట్టూ మూగి ఉన్నారు. నన్ను చూసి పక్కకు వచ్చింది.

"ఇనవడ్డదా?" అని అడిగింది.

"రోడ్డంత ఇనవడ్డది. పెండ్లోళ్లకు గూడ ఇనవడ్డది."

"వాళ్లను అడుగుతలేను. నీకు ఇనవడ్డదా?"

"ఇనవడ్డది" అన్నాను.

ఎండకు బ్యాటరీ పోతుందని, మైకు కోసం చెయ్యి చాపాను. ఆమె దాన్ని నాకివ్వలేదు. ఇందాక గంటె వదిలేసి నవ్వినామెను పిలిచి, ఎట్లా పట్టుకోవాలో చూపించి, ఇక నువ్వు మాట్లాడమని ఆమె చేతికిచ్చింది.