కొండచిలువకి నా గది

మా ఆయనకి పాములంటే ఇష్టమని పెళ్లయిన పంతొమ్మిదేళ్లకి తెలిసింది. అప్పటిదాకా ఆయనకి ఇష్టమైనవి మూడే అనుకున్నాను. వంజరం చేపల పులుసు, ఆయన క్రేను, ఎవరేమడిగినా కాదనకపోవడం. పోర్టులో క్రేను నడుపుతాడు. మేనత్త కొడుకు కాబట్టి నేను బావా అని పిలుస్తాను. ఏ చుట్టరికమూ లేకుండా పోర్టులో సగంమంది కూడా బావా అనే పిలుస్తారు. ఆ పిలుపు చెవిన పడితే చాలు, కరిగిపోతాడు. బావా అని పిలిచి ఎవరైనా ఏనుగునిస్తానన్నా తాడు పట్టుకుని ఇంటికి తోలుకొచ్చే రకం. మా అదృష్టం కొద్దీ ఏనుగు రాలేదు. కొండచిలువ వచ్చింది. సరిగ్గా చెప్పాలంటే, రాబోయింది.

ఆయనతో పనిచేసే ఒక బావకి బెంగుళూరులో తమ్ముడున్నాడు. ఆ తమ్ముడు ఇంట్లో కొండచిలువని పెంచుతున్నాడు. మన అడవుల్లోది కాదట, పరదేశపు జాతట, కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయట. ఇప్పటికి ఎనిమిదడుగులు, ముందు ముందు పదిహేను దాటుతుందట. ఇంతలో తమ్ముడికి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురు వచ్చి ఇల్లు చూసి, అదో నేనో తేల్చుకోమందట. ఆ పిల్లని నేను చూడలేదు గానీ, పెళ్లికి ముందే అడగాల్సింది అడిగిన ఆ తెలివికి ఇక్కణ్ణుంచే దండం పెట్టుకున్నాను.

"మంచి ఇంట్లో పడాలంట అది. బావ నన్నే అడిగాడే" అన్నాడు మా ఆయన, ఎవరో పిల్లనిస్తామన్నంత సంబరంగా.

వన్ టౌన్‌లో ఒక పాత మేడలో కింది వాటా మాది. వీధివైపు వరండా, ముందు హాలు, మధ్యలో పడగ్గది, వెనక వంటిల్లు, పక్కకి ఒక చిన్న గది. ఆ చిన్న గదిలో నా కుట్టుమిషను ఉంటుంది. జాకెట్లు కుడతాను. చేపల బుట్టలు నెత్తినెత్తుకునే ఆడవాళ్లకి చంక దగ్గర వదులుగా ఉండాలి, లేకపోతే చెయ్యి పైకి లేవదు. పెళ్లిళ్లకి కుట్టించుకునేవాళ్లకి ఊపిరాడకపోయినా సరే, బిగుతుగా ఉండాలి. ఈ రెండు రకాల మధ్యే నా బతుకు నడుస్తోంది. ఇంట్లో ఆ గదిని అందరూ మిషను గది అంటారు. మిషను పేరు పెట్టారు గానీ తొక్కే మనిషి పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. తలుపేసుకుంటే నా మీద నాకే అధికారం ఉండే చోటు మాత్రం ఈ ఇంట్లో అదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర సభ జరిగింది. సభ్యులు ముగ్గురు. మా ఆయన, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, వడ్డిస్తున్న నేను. పాముని తేవాలా వద్దా అన్నది చర్చ. అయిదు నిమిషాల్లో అది పాముని ఎక్కడ పెట్టాలి అన్నదాంట్లోకి జారిపోయింది. మా ఇంట్లో నిర్ణయాలన్నీ ఇలాగే జారిపడతాయి, ఎవరు తోశారో తెలీదు.

"హాల్లో వద్దు నాన్నా. టీవీ సౌండుకి దానికి ఇబ్బంది" అంది అమ్మాయి.

"పడగ్గదిలో ఎడితే నానుండలేను బాబూ" అన్నాడు మా ఆయన. అంత ఇష్టమైన పాము మరి.

ఇద్దరూ ఒకేసారి పక్కకి చూశారు. "మిషను గది ఉన్నాది కదా" అన్నాడాయన. "వెచ్చగుంటాది. నిమ్మళంగా ఉంటాది. ఎవులూ ఎల్లరు."

ఎవరూ వెళ్లరట. నేను పప్పు గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

"మిషనో?" అన్నాను.

"వరండాలో ఎడతాను. గాలొత్తాది నీకు."

నేనేమీ అనకపోయేసరికి నాకు పామంటే భయమని వాళ్లు తీర్మానించేశారు. ఆ రోజు నుంచి నన్ను ఓదార్చడం మొదలైంది. "విషం ఉండదే", "కాటెయ్యదమ్మా, సుట్టుకుంటాదంతే." పామంటే నాకంత భయం లేదు. మల్కాపురంలో మా పుట్టింటి పెరట్లో పాములు ఇల్లు అద్దెకి తీసుకున్నట్టే తిరిగేవి. నా భయమంతా నా గది పోతుందని. అది నోటితో చెప్పాలంటే ముందు "నా గది" అనాలి. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు, నేనూ అనలేదు.

ఆ తర్వాత మా ఆయన చదువు మొదలుపెట్టాడు. పదో తరగతి పరీక్షలకి కూడా అంత చదివి ఉండడు. డ్యూటీ నుంచి వస్తూనే ఫోను తెరిచి కొండచిలువ వీడియోలు చూసేవాడు, చూసినవన్నీ నాకు పాఠం చెప్పేవాడు.

"తిన్నాక రెండ్రోజులు దాని జోలికి ఎల్లకూడదే. అరగాల కదా. కదిపితే కక్కేత్తాది."

నేను తిని గోడకి చేరగిలబడితే అయిదు నిమిషాల్లో మంచినీళ్లు అడిగే మనిషి ఈయన.

"కుబుసం ఇడిసేటప్పుడు సిరాగ్గుంటాదంట. అప్పుడు మనమే సూసీసూడనట్టు పోవాల."

నాకు చిరాకొచ్చిన రోజున ఈయన వీధిలో నలుగురికీ చెప్పి నవ్వుతాడు.

మా వీధిలో గాలికి పోర్టు బొగ్గు కుప్పల నుంచి నల్లటి దుమ్ము వచ్చి పడుతుంది. పొద్దున్నే మిషను తుడవకుండా తెల్లగుడ్డ కుట్టలేం, ఆరేసిన బట్టలు దులపకుండా మడతపెట్టలేం. ఆ దుమ్ము గురించి కూడా ఆయన దిగులుపడ్డాడు. "దాని ఊపిరితిత్తులు సున్నితమంట. కిటికీకి సన్న జాలీ కొట్టించాల." పంతొమ్మిదేళ్లుగా అదే కిటికీ పక్కన కూర్చుని అదే దుమ్ము పీలుస్తున్న ఊపిరితిత్తులు ఆ ఇంట్లో ఇంకో జత ఉన్నాయి. వాటికి జాలీ సంగతి ఎవరికీ గుర్తురాలేదు.

ఒకరోజు చూద్దును కదా, నా టేపు తీసుకుని నా గదిని కొలుస్తున్నాడు. అద్దాలపెట్టెకి ఇనప ఫ్రేము వెల్డింగు చేయిస్తాడట. టేపు చుట్టడం చేతకాక మెడలో వేసుకుని బయటికొచ్చాడు. నేను లాక్కున్నాను. పాముని ఇంకా చూడనే లేదు, అప్పుడే దానిమీద ఏడుపు పట్టుకుంది నాకు.

మిగిలింది ఇంటి యజమానురాలి అనుమతి. మేడమీద ఆవిడ ఒక్కతే ఉంటుంది. మేం మామ్మా అంటాం. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ప్రతి ఆదివారం, మోకాళ్ల నొప్పులున్నా సరే, కొండమీది చర్చికి వెళ్లొస్తుంది. ఆవిడ వద్దంటుందనే ఆశ ఒక్కటే మిగిలింది నాకు. అందుకే మా ఆయన అడగడానికి వెళ్తుంటే నేనూ వెనకాల మెట్లెక్కాను.

ఇక్కడ మా యాస గురించి ఒక మాట చెప్పాలి. మా నోట్లో చ నిలబడదు, స అయి జారిపోతుంది. చేప సేప అవుతుంది, చీర సీర అవుతుంది. కొండచిలువ ఏమవుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

"మామ్మా, ఇంట్లో కొండసిలువని ఎట్టుకుందారనుకుంటన్నాం. నీకేటైనా అడ్డమా?" అన్నాడు మా ఆయన.

మామ్మ కళ్లజోడు తీసేసింది. "సిలువా! మీ ఇంట్లోనా!"

"అవును మామ్మా. బెంగుళూరు నుంచి వత్తన్నాది. ఎనిమిదడుగులుంటాది."

"ఎనిమిదడుగులే! అంతది ఎక్కడ పెడతార్రా?"

"అద్దాలపెట్టె సేయిత్తన్నాను. దుమ్ము పడకుండా."

"మంచిపని. మెడలో ఏసుకునే సిన్నది తెచ్చుకున్నా సరిపోయేది కదరా."

"ఇది కూడా మెడలో ఏసుకోవచ్చు మామ్మా. కుసింత బరువుంటాది."

"బరువేరా నాయనా. మోసినోడికే తెలుత్తాది."

"ముందు ముందు ఇంకా పెరుగుతాది."

"పెరగనీ. పెరగాలనే కదా ఇన్నేళ్లూ మీకోసం ప్రార్థన సేత్తన్నాను."

"జాగర్తగా సూసుకుంటాం మామ్మా."

"దాన్ని మీరు సూసుకునేదేటి? అదే మిమ్మల్ని సూసుకుంటాది!"

మా ఆయన మెట్లు దిగుతూ, "సూసావా, సదువుకున్నోళ్లకి జంతువులంటే ఎంత దయో" అన్నాడు. నాకూ తట్టలేదు. ఉన్న ఒక్క ఆశా పోయిందన్న దుఃఖంలో ఉన్నాను. ఆ సాయంత్రమే పెళ్లివారి జాకెట్లు మడిచి మూట కట్టాను, కొలతలకొచ్చేవాళ్లు చూసుకునే అద్దం గోడనుంచి దింపాను.

శనివారం పొద్దున్న మామ్మ మా గుమ్మంలోకి వచ్చింది. ఉతికిన తెల్లచీర, చేతిలో చామంతి దండ. వెనకాల వడ్రంగి, అతని చేతిలో సుత్తీ మేకులూ.

"గోడకైతేనే నిండుగుంటాది. మేకు కర్చు నాది. ఏదీ, వచ్చీసిందేటి?" అంటూ, గోడలు చూసుకుంటూ మిషను గదిలోకి వచ్చేసింది.

"పాముకి మేకులెందుకు మామ్మా?" అంది మా అమ్మాయి.

మామ్మ మా ఆయన్ని చూసింది. మా ఆయన మేకుల్ని చూశాడు. నాకు అప్పుడు వెలిగింది. చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను, లేకపోతే వీధంతా వినపడేలా నవ్వేదాన్ని.

"సిలువ కాదు మామ్మా," అన్నాడాయన నెమ్మదిగా, "సిలువ. కొండసిలువ. పాము."

మామ్మ నా మిషను ముందున్న స్టూలు మీద కూలబడింది. "ఓలమ్మో! పెబువొత్తాడని నాను దండట్టుకొత్తే, ఏదెను తోటలో పాము దిగుతన్నాదేట్రా!"

వడ్రంగి నవ్వాడు. మామ్మ నవ్వలేదు. స్టూలు మీద నుంచే గదంతా చూసింది. మూట కట్టిన జాకెట్లు, గోడకి ఆనించిన అద్దం, గుమ్మం వైపు సగం జరిపిన మిషను.

"ఇందులోనే ఎడతారా దాన్ని?"

"అవును మామ్మా."

"మరి దీని మిషనో?" నన్ను చూపించి అడిగింది.

"వరండాలో. గాలొత్తాది."

"వానొత్తే?" మా ఆయన వరండా వైపు చూశాడు. "కొలతలిచ్చుకోడానికొచ్చిన ఆడోళ్లు వరండాలో నిలబడి సేతులెత్తాలేట్రా? వీధిలో పోయినోళ్లంతా సూడాలా? ఇంతకీ ఇది సరేనన్నాదా? దీన్నడిగావా?"

నాకు ఏడుపొచ్చేసింది. అంతసేపూ నవ్వు ఆపుకోవడానికి నోట్లో కుక్కుకున్న కొంగుతోనే కళ్లు తుడుచుకున్నాను. పాము ఏం తింటుందో, ఎప్పుడు పడుకుంటుందో, దేనికి బెదురుతుందో ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చింది. నన్ను గురించి ఒక్క ప్రశ్న వేయడానికి, పాముని సిలువ అనుకుని వచ్చిన పైవాటా ముసలావిడ కావలసివచ్చింది.

"పాము వద్దు బావా," అన్నాను. "బయ్యమై కాదు. ఈ గది నాది."

అన్నాక నాకే వింతగా అనిపించింది. ఇంకోసారి అన్నాను. అమ్మాయి ఫోను దించి నన్ను చూసింది. లేచి వెళ్లి, అద్దం ఎత్తి, అది ఇదివరకున్న చోటే తగిలించింది.

మామ్మ దండతో, వడ్రంగితో మెట్లెక్కి వెళ్లిపోయింది. పాము తర్వాత హైదరాబాదులో ఎవరిదో తోట ఇంటికి వెళ్లిందని విన్నాం. ఆ రోజు మాత్రం మా ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు, డ్యూటీకి టైమవుతున్నా. నేను మిషనుని మళ్లీ కిటికీ దగ్గరికి ఈడుస్తుంటే వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు.

"నాకు తెల్దే," అన్నాడు. "పాముకి ఏటి కావాలో అంతా సదివాను. నీకేటి కావాలో ఎక్కడా రాసిలేదు కదా."

వెటకారం కాదు. నిజంగానే అన్నాడు. అందుకే ఇంకా ఎక్కువ మండింది నాకు.

"నాను ఇక్కడే ఉన్నాను కదా బావా," అన్నాను. "అడగొచ్చు."