గుట్ట మీది ఆకాశం

ఆదివారం నేను పంచిన బైబిలు వాక్యపు పటం మీ గోడకు వేలాడుతోందా? దాని అద్దం ఎక్కడిదో అడిగారా?

తాండూరు ఫోటో చాచా పోయిన నెల కన్నుమూశాడు. మన పెళ్లిళ్లన్నీ ఆయన కెమెరాలోనే జరిగాయి. బొమ్మ ముందు గాజు పలక మీద పడేది, దాన్నుంచి కాగితం మీదికి దిగేది. నాలుగో రోజున ఆయన తమ్ముడు దుకాణం ఖాళీ చేస్తూ పలకలన్నీ గుమ్మంలో పేర్చాడు. మనవాళ్లు వచ్చి ఎవరి పెళ్లి పలక వాళ్లు ఏరుకుపోయారు. నేనూ ముందు నాదే వెతుక్కున్నాను. గుట్టలు, గనులు, కందిచేలు ఉన్న పలకలను ఒక్కరూ ముట్టలేదు. అవి వికారాబాదులో పటాలు కట్టే దుకాణానికి చేరాయి.

నేను మీ ఉపదేశినే గాని పెద్ద చదువులు చదివినవాణ్ని కాను. నాకు చూడటం నేర్పింది చాచా. ఒక చలికాలపు ఉదయం ఆయన కెమెరా డబ్బా మోసుకుంటూ అనంతగిరి ఎక్కాను. లోయ, మంచు, ఎండ, అన్నీ కళ్లముందే ఉన్నాయి.

"తియ్యి చాచా, ఇంకేం గావాలె?" అన్నాను.

ఆయన జేబులోంచి ఒక అట్ట తీశాడు. దాని నడుమ చిన్న కిటికీ కోసి ఉంది. అది కంటికి అడ్డం పెట్టుకుని పది అడుగులు నడిచాడు, కూర్చున్నాడు, లేచి మళ్లీ నడిచాడు.

"నీకు అన్నీ గావాలె. నీ ప్రసంగం గూడ గట్లనే ఉంటది. అందుకే మంది కునుకుతరు, ఉపదేశి సాబ్. ఏది ఇడిసిపెట్టాల్నో ముందు తేల్చుకోవాలె."

కోపంతో ఇంటికి వచ్చి వాక్యం తెరిచాను. సృష్టి మొదట్లో దేవుడు వేరు చేస్తూనే ఉన్నాడు, చీకటి నుంచి వెలుగును, నీటి నుంచి నేలను. అన్నేళ్లు బోధించినా నాకు అందనిది ఆ అట్ట కిటికీలో అందింది.

తాండూరు పక్కన ఒక రాతి గుట్ట ఉండేది. గని గుత్తేదారు దాన్ని ఫోటో తీయమన్నాడు. రాళ్ల గంపలెత్తిన ఆడవాళ్లు అడ్డంగా ఉన్నారని విసుక్కున్నాడు.

"గా ఆడోళ్లను తప్పించి తియ్యి."

"తప్పిస్తే గుట్ట ఎంత పెద్దదో ఎట్ల తెలుస్తది సేటూ?" అన్నాడు చాచా. వాళ్లను అంచున నిలబెట్టి, తాను నేలకు వంగి తీశాడు.

బొమ్మ చూసి ఒకామె మూతి తిప్పుకుంది. "చీమలోలె తీసినవేంది చాచా మమ్ముల?"

"గుట్టను పెద్దగ తీసిన, బిడ్డా. దాన్ని పగలగొట్టింది మీరని రేపటోళ్లకు తెల్వాలె."

ఆ గుట్ట ఇప్పుడు లేదు. నాపరాళ్లై మీ కాళ్ల కింద పరుచుకుంది. ఆ ఆడవాళ్లు ఎవరో మీరు అడగలేదు. వాళ్లున్న పలకనూ వదిలేశారు.

నిన్న ఆ పటాల దుకాణానికి వెళ్లాను. చాచా పలకలు వేడి సోడా నీళ్లలో నానుతున్నాయి. దుకాణదారు బ్లేడుతో బొమ్మ గీకేస్తున్నాడు.

"ఎవరు గీకమన్నరయ్యా?" అని అరిచాను.

"నువ్వే కద సాబ్. పండుగ లోపట నలభై పటాలంటివి. పన్నెండు ఇచ్చిన. మిగిలినయిటికి అద్దం నేనేడ తేవాలె?"

ఆ పన్నెండే మన గోడలకున్నాయి.

కాళ్లావేళ్లా పడ్డాను. చివరికి, "అద్దం తెస్తే అద్దానికొక పలక ఇస్త. రేపు సాయంత్రం దాకనే ఆగుత," అన్నాడు. ఆ గుట్ట పలక మిగిలినవాటిలో ఉందో, ముందే కరిగిపోయిందో వెతకనివ్వలేదు.

ఇంటికొచ్చేసరికి నా భార్య మా పటాన్ని తుడుస్తోంది. మూలన గోరంత నల్లటి పొర, ఎంత రుద్దినా పోవడం లేదు. ఆమె చెయ్యి పట్టి ఆపాను. గాజు పలక మీద వెలుగు నల్లగా పడుతుంది. అది మురికి కాదు, ఏదో గుట్ట మీది ఆకాశం.

వాక్యానికి అద్దం అక్కర్లేదు. పటం దించండి, మేకులు పీకండి, అద్దం చేతబట్టుకుని ఈ పూటే రండి. నేను నాది ఊడదీశాను, ఆ దుకాణం ముందే నిలబడి ఉంటాను. రేపు పొద్దున ఆ నీళ్లు మళ్లీ కాగుతాయి.