ఎడమవైపు సుద్ద గుర్తు

నాలాగే తమ చేతిని నమ్ముకుని ధైర్యంగా ఉండిపోయిన ఆడవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాసిపెడుతున్నాను. దెయ్యాలనీ శకునాలనీ నేనెప్పుడూ నమ్మలేదు. ఎనిమిదితో బడి మానేసినా, ఖరగ్‌పూర్‌లో మా కాలనీ లైబ్రరీలోని తెలుగు అలమరా మొత్తం చదివినదాన్ని.

రొమ్ములు సొంతంగా ఎలా పరీక్షించుకోవాలో అక్కడి ఆరోగ్య పుస్తకంలోనే నేర్చుకున్నాను. నెలనెలా చూసుకునేదాన్ని. గడ్డ ఏదీ తగల్లేదు. అందుకే యాభై దాటాక మామోగ్రామ్, అంటే రొమ్ముల ఎక్స్‌రే, తీయించుకోమని ఆసుపత్రిలో చెప్పినా వెళ్లలేదు. నాకు తెలుసు కదా అనుకున్నాను.

కిందటి వేసవిలో కొత్త జాకెట్టు లోపల, ఎడమ రొమ్ము మీదకు వచ్చే చోట, చిన్న నీలం సుద్ద గుర్తు కనిపించింది. మలంచా పేటలో మా జాకెట్లు కుట్టే సన్యాసమ్మ గీసి ఉంటుందని ఉతికేశాను. పది రోజులకు వచ్చిన రెండో జాకెట్టులోనూ అదే చోట, అదే గుర్తు. తీసుకెళ్లి చూపించాను.

"ఏటప్పా, అన్ని పుస్తకాలు సదివినావు, సుద్దగీతకి బెదిరిపోనావా?" అని నవ్వింది. గుడ్డను వెలుతురులో పెట్టి చూశాక నవ్వు ఆపేసింది.

"ఇక్కడ కుట్టే నేదు. నానెందుకు గీస్తాను?"

తన దగ్గరున్నవి తెల్ల సుద్దలేనని డబ్బా తెరిచి చూపించింది.

ఇంటికొచ్చి పెట్టె తీశాను. గోల్‌బజార్‌లో కొని నాలుగేళ్లుగా మడత విప్పని రెడీమేడ్ జాకెట్టు ఒకటి ఉంది. దాని లోపలా అదే చోట అదే గుర్తు.

 చేత్తో పదిసార్లు వెతుక్కున్నాను. ఏమీ లేదు. రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చిన మా ఆయన అప్పారావుకు చెప్పాను.  "రేపు లీవు పెడతాను. ఆస్పత్రికి ఎల్దాం" అన్నాడంతే.

డాక్టరమ్మ చేతికీ ఏమీ తగల్లేదు. మామోగ్రామ్‌లో మాత్రం కనిపించింది. శనగగింజ కన్నా చిన్నది, బాగా లోతున. సూది పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఏ పనీ పూర్తిచేయలేకపోయాను. క్యాన్సరేనని తేలింది. చేతికి దొరికేదాకా ఆగి ఉంటే ఇంత తొందరగా పట్టుకోగలిగేవాళ్లం కాదు దీదీ, అని డాక్టరమ్మ హిందీలో చెప్పింది. ఆపరేషన్‌కు ముందు పెన్నుతో చర్మం మీద చిన్న సున్నా చుట్టింది. సరిగ్గా జాకెట్లలో సుద్ద గుర్తు ఉన్న చోటే.

నీలిమందు మరకేమోనని కూడా ఆలోచించాను. మూడు బట్టల్లో ఒకే చోట ఎలా పడుతుంది? చదివిన ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు. ఈ రోజుకీ నాకు తెలియదు.

డాక్టర్ మధుమితకు, మామోగ్రామ్ మిషను దగ్గర నా భుజం పట్టుకున్న నర్సు షీలాకు, రేడియేషన్‌కు ఒక్కరోజూ ఒంటరిగా పంపని అప్పారావుకు, నా సంగతి విన్న వారంలోనే కొట్టు మూసి తనూ వెళ్లి మామోగ్రామ్ తీయించుకొచ్చిన సన్యాసమ్మకు నా కృతజ్ఞతలు.