మూట అడుగున పిడికెడు

ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి వేరుశనక్కాయల వాసన వస్తే చాలు, నా చెయ్యి నా మాట వినదు. మొన్న బత్తలపల్లె పక్కన ఒక హైస్కూలుకు వెళ్ళాను. నేనిప్పుడు ఒక బడికి ప్రధానోపాధ్యాయురాలిని. అప్పుడప్పుడు చుట్టుపక్కల బళ్ళు చూసి, ఎలా ఉన్నాయో రాసివ్వమని నాకు పని అప్పజెబుతారు. స్టాఫ్‌రూములో కూర్చున్నానో లేదో, అక్కడ కొత్తగా చేరిన లెక్కల టీచరు సుజాత ఒక గిన్నె నిండా కాయలు తెచ్చి నా ముందు పెట్టింది. ఇంకా ఆవిరి పోతోంది. నా చెయ్యి నేరుగా గిన్నె అడుక్కి పోయింది. "లావువి పైనే ఉన్నాయి మేడం" అని నవ్వింది ఆ అమ్మాయి. ఉంటాయి, నాకు తెలుసు. లావు కాయలు పైన ఎవరైనా పెడతారు. ఈ మాట నాది కాదు, గంగులమ్మది.

గంగులమ్మ నాకు చుట్టం కాదు, పాఠం చెప్పిన పంతులమ్మ కూడా కాదు. సంతకం చేయడం రాని మనిషి. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు తనకల్లు దాటాక ఒక పల్లెలో హైస్కూలుకు మొదటిసారి లెక్కల టీచరుగా వెళ్ళాను. ఆ బడికి తల్లిదండ్రుల కమిటీ పెద్ద ఈమె. మనవరాలు ఆరో తరగతిలో ఉండేది. కమిటీ ఎన్నిక రోజు వచ్చినవాళ్ళలో నిద్రపోనిది గంగులమ్మ ఒక్కతేనని, అందుకే ఆమెను పెద్దను చేశామని మా హెడ్మాస్టరు చెప్పి నవ్వేవాడు. ఆమె పని వేరుశనగ విత్తనం ఏరడం. ఊళ్ళో ఎవరు విత్తనం కొన్నా, ఎవరు అమ్మినా ముందు ఆమెను పిలిచేవాళ్ళు. మూట మూతి విప్పగానే మోచెయ్యి దాకా లోపలికి దూర్చి, అడుగు నుంచి పిడికెడు తీసి, అక్కడే ఒలిచి చూసేది. ఆ పిడికెడులో గింజ లేని తాలు కాయలు ఎన్ని ఉన్నాయో చెప్పేది. ఆ తర్వాత ఊళ్ళో ఆ మూట గురించి ఎవరూ మారు మాట్లాడేవాళ్ళు కాదు.

నేను చేరిన ఏడాదే ఒక కబురు వచ్చింది. పిల్లలు తక్కువ, పదో తరగతి ఫలితాలు బాగాలేవు, కాబట్టి ఈసారి తనిఖీలో బడి బాగుందనిపించుకోకపోతే తొమ్మిది, పది తరగతులు ఎనిమిది కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద బడికి పోతాయి. ఆ దారిలో బస్సు లేదు. మగపిల్లలు ఎలాగో సైకిళ్ళ మీద పోతారు, ఆడపిల్లల చదువు ఎనిమిదితో ఆగిపోతుంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. నాకైతే అది పంతమైపోయింది. మొదటి బెంచీలో ఉన్న ఐదుగురిని పట్టుకొని పొద్దున, సాయంత్రం రుద్దడం మొదలుపెట్టాను. బడిని వాళ్ళే కాపాడతారనుకున్నాను.

జూలైలో ఒక రోజు నేను తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతుంటే గంగులమ్మ వచ్చింది. అడగనూ లేదు, చెప్పనూ లేదు, వెనక గోడకు ఆనుకొని కింద కూర్చుంది. సరే చూడనీ అని, మొదటి బెంచీలోని భారతిని బోర్డు దగ్గరికి పిలిచి గబగబా రెండు లెక్కలు చేయించాను. గంట కొట్టాక ఆమె వక్కాకు సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన పెండ్లి పత్రిక ఒకటి తీసింది. భారతికిచ్చి చదవమంది. భారతి ఊపిరి తిప్పుకోకుండా చదివేసింది. గంగులమ్మ కళ్ళు మూసుకొని విన్నది. తర్వాత లేచి, చివరి బెంచీలో కూర్చున్న లక్ష్మీదేవి అనే అమ్మాయి చేతిలో పెట్టింది. లక్ష్మీదేవి పత్రిక వంక చూసింది, నా వంక చూసింది, తల దించుకుంది. అది గంగులమ్మ చెల్లెలి కొడుకు పెండ్లి పత్రిక. పదిమంది చేత చదివించుకొని పొల్లుపోకుండా కంఠతా పట్టేసింది. చదువు రాని మనిషి చదువును కొలవడానికి కనిపెట్టుకున్న ఉపాయం అది.

"ఏం మేడమూ, ముందర బిడ్డ అంతా చదివె. ఈ బిడ్డ పెండ్లికొడుకు పేరు కాడికి గూడా రాలే" అంది.

"క్లాసులో అందరూ ఒకటిగా ఉంటారా అవ్వా? ఆ ముందు బెంచీ వాళ్ళను చూడు, ఎంత బాగా చదువుతారో" అన్నాను.

"మూటకు మీంద మంచి కాయ ఎవురైనా పెడతారమ్మా. నేను అడుగున చెయ్యి పెట్టి చూసేదాన్ని. ఈడ తాలు శానా ఉండాది."

నాకు ఒళ్ళు మండింది. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, ఆ వయసులో మరీనూ. అంతమంది పిల్లల ముందు నోరు పారేసుకున్నాను. "నీకు సంతకం పెట్టేది కూడా రాదు. బడి ఎట్లుండాదో నీకేం తెలుసు?" అనేశాను. ఆమె కోప్పడలేదు. పత్రికను మడత చెడకుండా కవరులో పెట్టుకుంది. "నాకు తెలీదు కాబట్టే అడుగుతాండా. తెలిసినోళ్ళు ఎందుకు అడగలేదో నాకు అర్థం కాలే" అని చెప్పి వెళ్ళిపోయింది.

హెడ్మాస్టరు దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? ఆ పిల్ల నాయనే ఒగ మాట అనలే, ఈమెకేం పని" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వు నాకు అరగలేదు. మరునాడు పంతంకొద్దీ వెనక బెంచీ పిల్లలందరికీ ఒక్కొక్క పేజీ ఇచ్చి చదివించాను. ఏడుగురికి చదవడం రాదు. ఎనిమిదేళ్ళుగా బడికి వస్తున్న పిల్లలు వాళ్ళు. వాళ్ళకు లెక్కలు రావని ఇన్నాళ్ళూ నేను కొట్టిపారేశాను. లెక్కలో ఏమడిగారో చదువుకోలేని పిల్ల లెక్క ఎలా చేస్తుందని నాకు తోచనే లేదు. సిగ్గుతో తల కొట్టేసినట్లయింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అరగంట వాళ్ళను వరండాలో కూర్చోబెట్టుకునేదాన్ని. ఒకటో తరగతి వాచకం ఇస్తే మిగతావాళ్ళు నవ్వుతారని, అందరినీ ఇళ్ళలో ఉన్న పెండ్లి పత్రికలు తెమ్మన్నాను. గంగులమ్మ ఉపాయాన్ని ఆమెకు చెప్పకుండా ఎత్తుకొచ్చానన్నమాట. దసరా నాటికి ఊళ్ళో ఎవరి పెండ్లి ఎప్పుడైందో ముహూర్తంతో సహా చెప్పేవాళ్ళు మా ఏడుగురూ. గంగులమ్మ అప్పుడప్పుడూ వచ్చి వరండా చివర కూర్చొని వక్కాకు నములుతూ వినేది. బాగుందనీ అనేది కాదు, బాగాలేదనీ అనేది కాదు. ఒక్కసారి మాత్రం నేను లక్ష్మీదేవి మీద అరుస్తుంటే, "నానబెట్టిన విత్తనాన్ని గడియకొకసారి విప్పి చూస్తే మొలక ఇరిగిపోతాదమ్మా" అంది. ఆ రోజు అరవడం ఆపేశాను. రోజూ ఆపగలిగానని చెప్పను.

జనవరిలో తనిఖీ తేదీ తెలిసింది. మా వైపు బళ్ళలో ఒక ఆచారం ఉండేది, పైకి ఎవరూ చెప్పుకోరు. పెద్దసారు వచ్చే రోజు వెనక బెంచీ పిల్లలకు ఇంటి దగ్గర పని పడుతుంది. తనిఖీ ముందు రోజు హెడ్మాస్టరు నన్ను పిలిచి, "ఆ ఏడుగురినీ రేపు రావద్దని చెప్పమ్మా. తొమ్మిది, పది నిలబడల్లంటే తప్పదు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, బడి పోతుందన్న భయం ఆయనది. ఆ భయం నాకూ ఉంది. ఆరు నెలలు వాళ్ళ పక్కన కూర్చుని చదివించిన నేనే వరండాలోకి పోయి, "రేపు మీరు రావద్దు" అన్నాను.

"ఎందుకు మేడం?" అంది లక్ష్మీదేవి.

"రేపు పాఠాలుండవు."

"పెద్దసారు వస్తాడని డ్రస్సు ఉతికి పెట్టుకున్యా మేడం" అంది. నేను వినపడనట్టు లోపలికి వెళ్ళిపోయాను. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిటిలో అది పెద్దది.

మరునాడు అధికారి వచ్చాడు. ఎక్కువ మాట్లాడని మనిషి. తొమ్మిదో తరగతిలో అడిగినవన్నీ మొదటి బెంచీ పిల్లలు చెప్పేశారు. హెడ్మాస్టరు ముఖం వెలిగిపోతోంది. అప్పుడు కిటికీలోంచి చూశాను. చేని గట్టు మీద గంగులమ్మ వస్తోంది. ఆమె వెనక వరసగా ఏడుగురు పిల్లలు. ఇద్దరి చేతుల్లో గొర్లు తోలే కట్టెలు అలాగే ఉన్నాయి. గుట్ట దగ్గర గొర్ల వెంట ఉన్నవాళ్ళను వెతికి పిలుచుకొని వస్తోంది.

హెడ్మాస్టరు వాకిట్లోకి ఉరికి, "ఈ దినమే కావల్సొచ్చెనా నీకు?" అన్నాడు గొంతు తగ్గించి.

"బడిని చూసేది ఈ దినమే గదప్పా. బడంటే వీళ్ళు గూడా" అని, పిల్లల వైపు తిరిగి "పోండి, మీ తావున మీరు కూచోండి" అంది. తర్వాత అధికారికి దండం పెట్టి పెండ్లి పత్రిక చేతికిచ్చింది. "సారూ, మీంద కాయ చూసినారు. అడుగున గూడా చూడండి."

ఆయన పత్రికను తిప్పి చూసి లక్ష్మీదేవికి ఇచ్చాడు. ఆ పిల్ల లేచి నిలబడింది. ఉతికిన డ్రస్సే వేసుకొని ఉంది. "మా... ద్వి... ద్వితీ..." దగ్గర ఆగింది. భారతి అందించబోతే గంగులమ్మ వేలెత్తి వద్దంది. "ద్వితీయ పుత్రుడు" అని ఎట్టకేలకు బయటపడింది. పెండ్లికొడుకు పేరు చదివింది. పెండ్లికూతురు పేరు చదివింది. "సుముహూర్తమునకు" దగ్గర మళ్ళీ చిక్కుకొని, ఇక రాక కూర్చుంది. తర్వాత లేచినవాళ్ళలో కొందరు చదివారు, కొందరు మొదటి వరస కూడా దాటలేదు.

అధికారి నా వైపు చూశాడు. హెడ్మాస్టరు కూడా చూశాడు. "జూలైలో వీళ్ళలో ఎవరికీ చదవడం వచ్చేది కాదు సార్. ఇవాళ రావద్దని చెప్పింది నేనే" అన్నాను. ఆయన గంగులమ్మను అడిగాడు, "మీరు చెప్పండమ్మా, ఈ బడి ఎలా ఉంది?"

"ముంగారు వానలప్పుడు నేను చూస్తే ఏడుకి ఏడూ తాలే సారూ. ఇప్పుడు మూడుండాయి. మంచి బడి అని నేను చెప్పను. మంచిదయ్యే దోవ పట్టిన బడి. మొలక మీంద ఉండే చేనిని ఎవురైనా దున్నేసి పోతారా?"

ఆయన ఏం రాశాడో మాకు తెలియదు. వేసవి సెలవుల తర్వాత మాత్రం తొమ్మిది, పది ఇంకో ఏడాది అక్కడే ఉంటాయని ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడాది మీద ఇంకో ఏడాది, అలా ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. లక్ష్మీదేవి పదో తరగతి రెండోసారి రాసి పాసైంది. ఇప్పుడా బడి కమిటీకి ఆమే పెద్ద. గంగులమ్మకు చూపు మందగించింది, మాత్రల చీటీ చదివి చెప్పేది కూడా లక్ష్మీదేవే.

తనిఖీ అయిన సాయంత్రం నేను గంగులమ్మ ఇంటికి వెళ్ళాను. చాటలో విత్తనం ఏరుతోంది. పక్కన కూర్చుని, జూలైలో అన్న మాటకు క్షమించమన్నాను. ఆమె చేతులు ఆగలేదు. "నేను గూడా బడికి పోయినా, తెలుసునా? ఒకటో తరగతి. పలక మీంద రాసేది నాకు రాకపోయె. ఒగ దినం పెద్దసారు వస్తాడని ఐవారు నన్ను ఇంటికి పొమ్మన్యాడు. పోయినా. మర్నాడు రమ్మని ఎవురూ చెప్పలే. మా నాయన గొర్ల ఎంబడి పంపిచ్చె. అంతే, ఇంగ పోలే."

"ఆ ఐవారి మీద కోపం లేదా అవ్వా?"

"మంచోడే పాపం. పొమ్మన్యాడు, రమ్మనేది మర్చిపోయినాడు" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నా ఒళ్ళో ఇన్ని కాయలు పోసి, తిను అంది. బదిలీ మీద నేను ఆ ఊరు వదిలేటప్పుడు ఆ పెండ్లి పత్రిక నా చేతిలో పెట్టింది. "నువ్వు ఇంగా శానా బళ్ళు చూస్తావు. నీ కాడ ఉండనీ" అంది.

మొన్న బత్తలపల్లె పక్క బడిలో కాయలు ఒలుచుకుంటూ తొమ్మిదో తరగతి హాజరు పట్టీ తెరిచాను. అంతకుముందు రోజు దాకా అందరూ వచ్చారు. ఆ రోజు ఒక్కసారే ఆరుగురు రాలేదు. "అందరికీ ఒకేసారి జ్వరమొచ్చిందా అమ్మా?" అన్నాను. సుజాత ముఖం పాలిపోయింది. ఆ అమ్మాయిని తిట్టాలనిపించలేదు నాకు. వినపడనట్టు లోపలికి వెళ్ళిపోయిన నన్నే చూసుకున్నట్టయింది.

"యాడుంటారో తెలుసునా?"

"తెలుసు మేడం. రోడ్డు అవతల చేన్లో శెనక్కాయ పీకతాంటారు."

"పోయి పిలుచుకొని రా. ఇంకొకరిని పంపొద్దు. పొమ్మన్న నోటితోనే రమ్మని చెప్పల్ల. నేను ఎంతసేపైనా కూచుంటా."

ముప్పావు గంట పట్టింది. ఆలోపు నేను తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. ఆరుగురూ ఎర్రమట్టి చేతులతో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. నేను చివరి బెంచీలో జరిగి కూర్చుని, సంచిలోంచి పెండ్లి పత్రిక తీశాను. ఒక పాప చేతులు పావడాకు తుడుచుకొని దాన్ని అందుకుంది. కూడబలుక్కుంటూ రెండు వరసలు చదివి ఆగింది. నా వైపు కాదు, సుజాత వైపు చూసింది.

"మేడం, రేపు గూడా రావచ్చునా?"

నేను నోరు తెరిచేలోపే సుజాత చెప్పింది. "రావల్ల. రేపే కాదు, దినమూ రావల్ల."