నాగరత్నం అత్తకు నేనెందుకు ఓటేశాను

ఆ రోజు నాన్నకు చదివి వినిపిస్తున్న పేజీ పూర్తి చేయలేకపోయాను.

మాది మంగళగిరిలో నేతపని ఇల్లు. సాయంత్రాలు నాన్న గుంట మగ్గంలో కూర్చుని నేస్తుంటే, నేను పక్కన పీట వేసుకుని విజయవాడ లైబ్రరీ నుంచి తెచ్చిన నవల చదివేదాన్ని. నలుగురిలో నోరు తెరవని నేను అక్కడ మాత్రం పాత్రకో గొంతు పెట్టేదాన్ని. ఆ రోజు పేజీ మధ్యలో దగ్గు మొదలై ఎంతకీ ఆగలేదు. నాన్న మగ్గం ఆపి చూశాడు.

"పోగు దగ్గేలేమ్మా. మనకిది ఉగ్గుపాలతో పోసేదే" అన్నాడు.

నూలు దుమ్ముకు వచ్చే దగ్గుకు మా వీధి పెట్టుకున్న పేరది. నాన్నకూ ఉండేది. మగ్గం గదికి ఉన్నది ఒకటే కిటికీ. ఎండగాలి తగిలితే పోగు పొడిబారి తెగుతుందని దాన్ని ఎప్పుడూ మూసే ఉంచేవాళ్లం. ఆ మూసిన గదిలో ఇంకో మూడు వారాలు చదివాను.

ఆ నెల డైరీ తీస్తే మూడుచోట్ల 'నీరసం' అని ఉంది. చదివిన పుస్తకాల పేర్లున్నాయి. దగ్గు మాట ఎక్కడా లేదు. సాయంత్రం జ్వరం, వదులైపోయిన డ్రెస్సులు, ఏదీ రాసుకోలేదు. ఒక ఉదయం కాలేజీకి వెళ్తూ బస్టాపులో దగ్గితే చేతిరుమాలు మీద రక్తం కనిపించింది. బస్సెక్కి కాలేజీ దగ్గర దిగకుండా నేరుగా విజయవాడలో ఆసుపత్రికి వెళ్లాను.

ఎక్స్‌రే తీశారు. స్పుటమ్ టెస్టుకు కఫం ఇమ్మన్నారు. మర్నాడు డాక్టరమ్మ గారు రిపోర్టు చూసి, "టీబీ అమ్మా. ఆరు నెలలు మందులు వాడాలి, మధ్యలో ఆపకూడదు. ఇంట్లో ఇంకెవరికైనా దగ్గుందా?" అని అడిగారు.

"నాన్నకుంది. కానీ అది పోగు దగ్గండి."

ఆమె రాస్తున్న పెన్ను కింద పెట్టారు. "ఆ పేరుతో ఏ జబ్బూ లేదమ్మా. ఆయన్ని కూడా టెస్ట్ చేయించుకోమను."

కఫం పట్టడానికి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. దాని మీది కాగితంపై నాన్న పేరు నేనే రాశాను. నాన్న దాన్ని మగ్గం పక్క చెక్క మీద పెట్టి, "ఈ పడుగు దిగాక వెళ్తాలే" అన్నాడు.

పడుగంటే చీరకు నిలువుగా ఉండే పోగులు. మగ్గానికి ఎక్కించే ముందు తెల్లవారుతూనే వాటిని వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదిరేలోగా కుంచెతో దువ్వాలి. ఒక ఇంటివల్ల అయ్యే పని కాదు, ఎనిమిది పది చేతులు కావాలి. ఇవాళ మీ పడుగు, రేపు మా పడుగు. పిలవక్కర్లేదు, గంజి వాసన వస్తే చాలు, అందరూ వస్తారు.

నా మందుల గురించి అడగడానికి ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చింది. మధ్యాహ్నానికల్లా వీధికంతా తెలిసింది. ఆ తర్వాత మా పడుగు రోజు వీధిలో నాన్న, అమ్మ, మాస్కు పెట్టుకుని నేను, ముగ్గురమే ఉన్నాం. ఎదురింటి బాబాయి, నాన్న సొంత తమ్ముడు, గుమ్మం దాకా వచ్చి లోపలికి వెళ్లిపోయాడు. ఇంట్లో చంటిది ఉంది, ఏమనుకోవద్దని తర్వాత నాన్నతో చెప్పాడట. ఆయన్ని తప్పుపట్టలేను. చంటిది ఉన్న మాట నిజమే.

గంజి ఆరిపోతోంది. అప్పుడు వీధి చివరింటి నాగరత్నం అత్త కొంగు నడుముకు దోపుకుంటూ వచ్చింది. మాకు చుట్టం కాదు, వీధి వరసన అత్త.

"ఏంటన్నయ్యా, అలిగిన పెళ్లికొడుకులా నిలబడ్డావ్? పట్టు" అని రెండో కొస అందుకుంది. వెనకే ఆమె కోడళ్లిద్దరూ వచ్చారు. పడుగు సగం ఉండ కట్టింది. సగం దక్కింది.

పనయ్యాక అత్త నాన్నను పరీక్ష గురించి నిలదీసింది. నాన్న గొంతు తగ్గించి చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "పిల్ల ఒక్కదానికి వచ్చినందుకే వీధి ఖాళీ అయింది చెల్లెమ్మా. నాక్కూడా ఉందని తేలితే, నువ్వొక్కదానివి ఎన్ని చేతులేస్తావు?"

అత్త నడుముకు దోపుకున్న కొంగు తీసుకుని కోడళ్లతో ఇంటికి నడిచింది.

ఆరో వారంలో వాంతులు మొదలయ్యాయి. కళ్లు పచ్చబడ్డాయి. లివర్ పరీక్ష చేసి, టీబీ మందుల్ని నా లివర్ తట్టుకోలేదని అన్నీ ఆపేశారు. కోలుకున్నాక ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెడతామన్నారు. పన్నెండు రోజులు వార్డులో ఉన్నాను. నాన్న వరండాలో పడుకునేవాడు. పొద్దున రౌండ్సుకు డాక్టరమ్మ గారు వస్తుంటే గోడవైపు తిరిగి, తువ్వాలు నోట్లో కుక్కుకుని, ఆమె దాటి వెళ్లేదాకా దగ్గు బిగబట్టేవాడు. మంచం మీంచి నాకు కిటికీలో కనిపించేది. ఆమె నా పక్కనే నిలబడి, "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగేవారు. లేదండీ అనేదాన్ని.

రోజూ అదే ప్రశ్న, రోజూ అదే జవాబు.

నా నాలుగో నెల మందులు నడుస్తుండగా నాన్న మగ్గం గుంటలోనే రక్తం కక్కుకున్నాడు. రెండు ఊపిరితిత్తులూ పాడయ్యాయని, ఎంతో ముందే రావాల్సిందని ఆసుపత్రిలో అన్నారు. తొమ్మిదో రోజు పోయాడు.

నా చివరి చెకప్ రోజు డాక్టరమ్మ గారిని ఒక్క మాట అడిగాను. "నా నుంచి ఆయనకొచ్చిందా అండీ? రోజూ పక్కనే కూర్చుని చదివేదాన్ని."

"ఎవరి నుంచి ఎవరికి అనేది మేం చెప్పలేమమ్మా. ఆయన నుంచే నీకు వచ్చి ఉండొచ్చు. నీ స్పుటమ్ నెగటివ్. నీకు తగ్గిపోయింది. ఇంటికెళ్లు" అన్నారు.

ఇంటికొచ్చాను. మగ్గం మీద సగం నేసిన పడుగు అలాగే ఉంది. దాన్ని దించాలని గుంటలో దిగాను. మళ్లీ పైకి రాలేదు. నేతే నా పనిగా మారింది. చేనేత సహకార సంఘంలో నాన్న సభ్యత్వం నా పేరు మీదికి వచ్చింది. నా మొదటి ఓటు కూడా.

సంఘం ఎన్నికల్లో మా వీధి నుంచి డైరెక్టరు పదవికి ఇద్దరు నిలబడ్డారు, బాబాయి, నాగరత్నం అత్త. "సొంత బాబాయిని కాదంటే రేపు మన పడుగుకి ఎవరొస్తారే?" అని అమ్మ భయపడింది.

అత్త ఓటడగడానికి వచ్చింది. డైరీలోంచి ఒక కాగితం చించి ఇచ్చాను. ప్రతి ఇంటికీ సంఘం ఇచ్చే నూలు కట్టతోపాటు ఒక కఫం డబ్బా కూడా ఇవ్వాలి, అందరికీ ఇస్తే డబ్బా చూసి ఏ ఇంట్లో దగ్గుందో వీధికి తెలియదు, అని రాశాను. అత్త చదువుకుని, మడిచి కొంగున ముడేసుకుంది.

"గెలిచినా ఓడినా ఇది చేయిస్తానే పిల్లా" అంది.

ఓటింగు రోజు పొద్దున బాబాయి గుమ్మంలో నిలబడి, "నీ ఓటు నాదేగా అమ్మా" అన్నాడు.

"కాదు బాబాయ్" అన్నాను. అంతటితో ఆగలేకపోయాను. "నాన్న ఆ డబ్బా ఎందుకివ్వలేదో తెలుసా? మన పడుగుకి ఇంకెవరూ రారని."

బాబాయి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అత్త గెలిచింది. డైరెక్టర్లందరూ కలిసి ఆమెనే ప్రెసిడెంటును చేశారు. పోయిన నెల బాధ్యతలు తీసుకున్న రోజు దండ తీసి బల్ల మీద పెట్టి, నూలు ధర గురించి, చీరల అమ్మకం మీద సర్కారు ఇచ్చే రిబేటు గురించి మాట్లాడింది. అవి ఎంతవరకు చేయగలదో నాకు తెలియదు. ఆమె మీద ఫిర్యాదులున్నవాళ్లూ మా వీధిలో ఉన్నారు. నా కారణం ఒకటే. ఆ మొదటి వారం నూలు పంపకంలో ప్రతి కట్టతోపాటు ఒక డబ్బా ఉంది. ముందే ఆసుపత్రివాళ్లతో మాట్లాడి ఏర్పాటు చేయించింది. బాబాయి కూడా తీసుకున్నాడు, తువ్వాలు చాటున దాచుకుని వెళ్లాడు.

ఇప్పుడు నా బరువు మునుపటిలాగే ఉంది. దగ్గు లేదు. గట్టిగా చదవడం మాత్రం మానేశాను. ఒకసారి ప్రయత్నిస్తే, నాన్నకు దగ్గు వచ్చే చోటల్లా ఆగి, అది తగ్గేదాకా అన్నట్టు ఎదురుచూశాను. నేస్తున్నప్పుడు కూడా అంతే. మగ్గం మీద రెండు దెబ్బలు వేసి, తెలియకుండానే ఒక్క క్షణం ఆగుతాను.

ఇది చదివే నేత ఇళ్లవాళ్లకు ఒక్క మాట. దగ్గు రెండు వారాలు దాటితే దానికి పేరు మీరు పెట్టకండి, కఫం డబ్బాలో పట్టి ఇవ్వండి. మగ్గం గది కిటికీ తెరవండి. పోగులు తెగుతాయి, నిజమే. మా ఇంట్లో ఇప్పుడు రోజుకు చాలాసార్లు తెగుతున్నాయి. తెగినప్పుడల్లా చెక్క మీది డబ్బా అందుకుంటాను. పోగు అతికేటప్పుడు వేళ్లు జారకుండా రాసుకునే బూడిద నాన్న అందులోనే పోసుకున్నాడు. కాగితం మీద ఆయన పేరు నా చేతిరాతలో ఇంకా కనిపిస్తూనే ఉంది.