పళ్ళ గది వాసన

ఆ మాట మా ఇంటికి మొదట మోసుకొచ్చింది బెజవాడ మెస్సు పిన్నిగారు. కాలేజీ మొదటి ఏడంతా మా మరిది భోజనం ఆవిడ ఇంట్లోనే. సెలవులకని అతను ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు, ఆవకాయకు కాయలు కొనే నెపంతో ఆవిడ నూజివీడు బస్సు దిగారు. వసారాలో మజ్జిగ తాగి, మా అత్తగారితో మెల్లగా అన్నారు.

"వదినగారూ, మీవాడు తాగుతున్నాడండీ."

అత్తగారు నవ్వేశారు. "మీ సాంబారు తిన్నవాడికి ఆమాత్రం దాహం వెయ్యదూ! అయినా సారా కొట్లన్నీ మూయించారుగా, ఎక్కడ దొరుకుతుందిట?"

"మూసిన కొట్టుకి పెరటి గుమ్మం ఉండదా?" పిన్నిగారూ నవ్వారు గానీ మాట వదల్లేదు. "సరదాకి తాగే పిల్లల్ని చూశాను. మర్నాడు తల పట్టుకుని లెంపలేసుకుంటారు. వీడలా కాదు. స్నేహితులు మానేశాక కూడా ఒక్కడే పోతున్నాడు. పొద్దున్నే మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. ఇందాక పక్కనుంచి వెళ్తే అదే వాసన."

"అది పళ్ళ గది వాసనండీ. వచ్చిన దగ్గర్నుంచీ అక్కడే పడుకుంటున్నాడు" అన్నారు అత్తగారు.

అబద్ధం కాదు. చాట్రాయిలోని మా తోట మామిడి రసాలు ఆ గదిలో వరిగడ్డి పరిచి మగ్గేసేవాళ్ళం. మెత్తబడ్డ పండు పులిస్తే అచ్చం కల్లు వాసనే. వేసవంతా మా చీరలకూ జడలకూ అదే. పుట్టింట్లో మా నాన్నగారు నేర్పిన అక్షరాలతో ఆ గుమ్మంలో స్తోత్రాలు చదువుకుంటుంటే, అక్షరాలు కూడా పసుపుపచ్చని వెలుగులో తేలిపోతున్నట్టుండేది. ఆ మత్తులో ఏ వాసన ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?

తొలకరి పడింది. పళ్ళయిపోయాయి. గడ్డి ఎత్తి పశువులకు వేసి, గది అలికి ముగ్గు పెట్టాను. ఒక పొద్దున హారతి కళ్ళకద్దుకోవడానికి మరిది వంగాడు. గుప్పున పళ్ళ గది వాసన. ఇంట్లో ఒక్క పండు లేదు. హారతి మీద చాచిన అతని చేతులు మంటకన్నా ఎక్కువ వణుకుతున్నాయి.

"నాయనా, పళ్ళయిపోయాయి కదా" అన్నాను.

చేతులు వెనక్కి లాక్కున్నాడు. "రోజూ మానేద్దామనే లేస్తాను వదినా. మధ్యాహ్నానికి నా వల్ల కావట్లేదు."

అత్తగారు వెనకే ఉన్నారు. గంట కింద పెట్టి, "పిన్నిగారికి కబురు పెట్టమ్మా" అన్నారు.

కాలేజీ తెరవకముందే పిన్నిగారు అతన్ని తన ఇంటికి పిలిపించుకున్నారు. తెలిసిన డాక్టరుకి చూపించారు. సాయంత్రాలు, కాళ్ళు బయటికి లాగే వేళకి, ఎదురుగా కూర్చోబెట్టుకుని చిక్కుళ్ళు బాగు చేయించేవారట. "ఈనె సరిగా తియ్యి అబ్బాయ్, రేపు మీ అమ్మ నా వంటకి పేరు పెడుతుంది!" మధ్యలో జారి తాగొచ్చాడు కూడా. తిట్టలేదు. మళ్ళీ చిక్కుళ్ళ చేట ముందు పెట్టారు.

అతను నిలబడ్డాడు. ఇవాళ తన పిల్లలకి పండు కోసిపెడుతుంటే ఆ చేతులనే చూస్తూ ఉండిపోతాను. ఎంత నిదానంగా ఉంటాయో!

పిన్నిగారు ఇప్పుడు లేరు. ఇంటికొచ్చి చెప్పి, నవ్వించుకుని, అయినా వదలకుండా పట్టుకున్న ఆ తల్లిని ఆ స్వామే పంపాడనుకుంటాను. ఈ వేసవి మొదటి పండు దేవుడి ముందు పెట్టేటప్పుడు, మీరూ ఆవిడని ఒక్కసారి తలుచుకోండి.