పక్కగీత కాపలా

రాజమండ్రిలో మాతోపాటు ఉండే మా మరిది కంప్యూటర్‌లో అమెరికా ఫుట్‌బాల్ ఆడేవాడు. బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట. తన ఆటగాణ్ణి ఒక్కసారి ఆపితే ఆదివారం మధ్యాహ్నం పాపను తనే చూసుకుంటానని నాతో పందెం వేశాడు. పాపకు నడక వచ్చాక నేను పగలు కన్ను మూసింది లేదు.

కాలేజీలో నేను కబడ్డీ ఆడినదాన్ని. కూతకొచ్చిన అమ్మాయిని లోపలికి రానిచ్చి, తిరిగి పోకుండా చుట్టుముట్టడమే నాకు తెలిసిన విద్య. ఇక్కడా నా ఆటగాళ్లందరినీ మధ్యలో కాపలా పెట్టాను. మరిది ఆటగాడు మైదానం అంచున పక్కగీత వెంట పరిగెత్తుకుపోయాడు. ఎన్నిసార్లు ఆడినా అంతే.

"వీడు మళ్లీ వెనక్కి రాడండి వదినా! ఎవరికోసం చూస్తున్నారు?" అని మరిది పడీపడీ నవ్వాడు.

చివరికి ఒకణ్ణి గీత దగ్గర నిలబెట్టి, కదలనివ్వలేదు. దారి లేక పరుగువాడు లోపలికి తిరిగాడు. మిగతావాళ్లు మీద పడ్డారు.

ఆదివారం దర్జాగా పడుకున్నాను. కాసేపటికే లేచి చూస్తే, మరిది హాలు మధ్యలో పాపను ఆడిస్తున్నాడు, వీధి తలుపు తీసే ఉంది.

"వీధి గుమ్మం దగ్గర ఎవరున్నారయ్యా?"

"ఎవరూ లేరండి. నేనున్నాను కదా!"

దిండు తెచ్చుకుని గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను. నిద్ర మాత్రం రాలేదు.